రెండు చుట్లు

పైడయ్య మేస్టారిని ఏదైనా అడిగితే అవుననీ చెప్పేవారు కాదు, కాదనీ చెప్పేవారు కాదు. అడిగినవాడి మొహంలోకి కాసేపు చూసి, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకునేవారు. అది విని కొందరు తృప్తిగా వెళ్ళేవారు. మరికొందరికి కోపం వచ్చేది. ఆయన ఇద్దరినీ ఒకేలా సాగనంపేవారు. ఇరవై రెండేళ్ళు విజయనగరంలో డీజిల్ ఇంజన్ల పని నేర్పిన మనిషి. పని మానుకున్నాక కూడా ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటి అరుగు మీద నలుగురైదుగురం చేరేవాళ్ళం. మాలో చాలామందికి అప్పటికే తలలు నెరుస్తున్నాయి. అయినా ఆయన ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం కాదు.

ఒక ఆదివారం తవిటినాయుడు వచ్చాడు. బస్సు డిపోలో ఇంజన్ల మరమ్మతు చూస్తాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు, ఆ రోజు చెప్పులు విడిచి ఓ మూల ఒదిగి కూర్చున్నాడు. తరవాత తనే చెప్పాడు. బుధవారం నాడు ఒక బస్సు ఇంజను విప్పి బిగించారు. బయట ప్రయాణికులు ఎదురుచూస్తున్నారు. పై అధికారి వచ్చి స్టార్ట్ చేసి పంపెయ్యమన్నాడు. తవిటినాయుడు ఒప్పుకోలేదు. ఇంజన్ని ముందు చేత్తో తిప్పి, గేర్ల మీది చుక్కలు ఒకదానికొకటి కలిశాయో లేదో చూసి గాని సెల్ఫ్ స్టార్టరు కొట్టనన్నాడు. గంటన్నర పట్టింది. చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ అధికారి అందరి ముందూ వెటకారంగా చప్పట్లు కొట్టాడట. అప్పట్నించీ డిపోలో అతన్ని చుక్కల నాయుడు అని పిలుస్తున్నారు.

"తప్పు దొరికుంటే తలెత్తుకుని తిరిగేవాణ్ణి మేస్టారూ," అన్నాడు తవిటినాయుడు. "దొరకలేదు. పెద్దవాళ్ళ మాట కాదని, అంతమందిని నిలబెట్టి, ఆఖరికి ఏమీ లేదని తేల్చాను. దీన్ని జాగ్రత్త అంటారా, పొగరు అంటారా?"

మేస్టారు అతని మొహంలోకి చూశారు. మాకు నూకాలమ్మ సంగతి చెప్పింది అప్పుడే. నాకు గుర్తున్నంతవరకు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

పన్నెండేళ్ళ కిందట మేస్టారు చింతలరేవు అనే బెస్త పల్లెలో ఐసు మిల్లు ఇంజను చూసేవారు. డీజిల్ పని నేర్పడం నడుమ ఆపి అక్కడ మూడేళ్ళున్నారు. ఆ ఊరి సంఘానికి ఒక పెద్ద బోటు ఉండేది. చిన్న పడవలు ఎక్కడైనా చిక్కుకుంటే వెళ్ళి లాక్కొచ్చేది అదే. దాని ఇంజను బాగోగులు చూసే మనిషి నూకాలమ్మ. ఆమె తండ్రి పోలయ్య ఆ పని చేసేవాడు, కొడుకులు లేరు, కూతురికి నేర్పాడు. ఆడమనిషి చేతిలో పానా ఏమిటని మొదట్లో నవ్వినవాళ్ళే తరవాత తమ ఇంజన్లు ఆమె గుమ్మంలో దించి వెళ్ళేవారు. అప్పటికి ఆమెకి నలభై దాటాయి. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, దానయ్య, ఇరవై ఏళ్ళవాడు.

ఆ ఏడు కార్తీకంలో బోటు ఇంజన్లో ఒక గేరు పన్ను విరిగింది. ఇంజన్లో పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వులు దాని దారిలో ఉండకూడదు. ఆ వేళలు కలిపేవి ఇంజను ముందు భాగంలో ఉండే రెండు గేర్లు. చిన్నదాని మీద ఒక చుక్క ఉంటుంది, పెద్దదాని మీద రెండు చుక్కలు. ఆ రెండింటి నడుమ ఈ ఒక్కటీ సరిగ్గా వచ్చి కూర్చోవాలి. పళ్ళు రెండు మూడు అటో ఇటో జరిగి కూర్చుంటే పిస్టన్ వచ్చి వాల్వుని గుద్దుతుంది, వాల్వు వంగిపోతుంది, ఇంజను అక్కడితో సరి. నూకాలమ్మ విశాఖపట్నం నించి కొత్త గేరు తెప్పించి సాయంత్రం పూట బిగించింది. వెలుతురు తగ్గిపోవడంతో మిగతా పని ఆపేసి, పొద్దున్నే చేత్తో తిప్పి చూసుకుని మూత వేద్దామనుకుంది.

పొద్దున్న ఇంకా రేవుకి బయల్దేరక ముందే ఆమెకి ఫోను వచ్చింది. దానయ్య దగ్గర్నించి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రెండు రోజుల ముందే పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. కాని సముద్రం తెల్లవారుజామున కాస్త నెమ్మదించినట్టు కనిపించేసరికి, వదిలేసి వచ్చిన వల తెచ్చుకుందామని దానయ్య, మరో ముగ్గురు కలిసి వెళ్ళారు. అందులో ఒకడు సంఘం పెద్ద ఎల్లాజీ తమ్ముడు. నాలుగు మైళ్ళ దూరంలో వాళ్ళ మోటారు ఆగిపోయింది. లంగరు వేశారు. లంగరు నిలవడం లేదు, పడవ నల్లబండల వైపు జారుతోంది. గాలి పెరుగుతోంది. ఇంత మాత్రం చెప్పేసరికి ఫోను తెగిపోయింది.

నూకాలమ్మ ఎల్లాజీకి కబురు పంపి, తను సముద్ర తీరం పోలీసు ఠాణాకి పరిగెత్తింది. వాళ్ళ బోటు ఆ పొద్దున వేరే రేవుకి వెళ్ళింది, సాయంత్రం దాకా రాదన్నారు. ఆమె తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా జెట్టీ మీద ఉంది. బోటు నడిపే సరంగు ముత్యాలు ఆమె కోసం ఆగలేదు. మనిషి మంచివాడు, సమయం కలిసొస్తుందని తనకు తెలిసినంతలో ఇంజను ముందు మూత బిగించేశాడు, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి ఉంటే అవి కూడా బిగించేశాడు. నూనె పోశాడు. తాళం పెట్టాడు. తిప్పడమే తరవాయి.

"రా సెల్లీ, ఎక్కు," అన్నాడు ముత్యాలు. "అంతా అయిపోనాది. సెల్ఫ్ కొట్టడమే."

నూకాలమ్మ దిగి ఇంజను దగ్గరికి వెళ్ళింది. మూత వంక చూసింది. "చేత్తో తిప్పినావా అన్నా?" అనడిగింది.

"లేదు."

ఆమె పానా తీసుకుని మూత విప్పడం మొదలుపెట్టింది.

ఎల్లాజీకి అప్పటికి అరవై ఏళ్ళు. ఆ రేవులో ఆయన మాటకి ఎదురు లేదు. పొడుగరి, గొంతు పెద్దది, అయినా ఆ పొద్దున ఆయన నెమ్మదిగానే మాట్లాడాడు. "ఏటి సేత్తన్నావు నూకాలూ?"

"రెండు సుట్లు తిప్పి సూడాల మావా. సూసి బిగిత్తాను."

"ఆ గేరు నిన్న పెట్టినదెవరు?"

"నానే."

"నీ సేత్తో నువ్వు పెట్టినదే కదా. మరి సూసేదేటి?"

"పెట్టినది నానే. అందుకే సూడాల," అంది నూకాలమ్మ. "పొద్దుగూకినాక పెట్టినాను."

ఆయన గొంతు అప్పుడు లేచింది. "నీ కొడుకు ఆడున్నాడే. బండల మీదకి పోతన్నాడే."

నూకాలమ్మ పని ఆపలేదు. "ఆడున్నది నా కొడుకు, మావా. నాకెవరూ గురుతు సెయ్యక్కర్లేదు."

ఎల్లాజీ బోటులోకి దిగి తాళం మీద చెయ్యి వేశాడు. వెయ్యనైతే వేశాడు గాని, అంతకంటే ముందే ఆమె బ్యాటరీ దగ్గరికి వంగి, తీగ ఊడదీసి, దాని నట్టు రొంటిన దోపుకుంది. ఆయన తాళం తిప్పితే ఏమీ పలకలేదు. ఆడదాని రొంటిలో చెయ్యి పెట్టలేడు. ఒడ్డున జనం చూస్తున్నారు. ఆయన మొహం నల్లబడిపోయింది. జెట్టీ మీంచి కేకలు మొదలయ్యాయి. కన్నతల్లివేనా అని ఒకావిడ అరిచింది. ఇంకెవరో పిడికెడు ఇసక తీసి ఆమె మీదికి విసిరారు. ఆమె ఇంజను మీద కొంగు కప్పి, ఇసక తన వీపు మీద పడనిచ్చింది.

ఇక్కడ పైడయ్య మేస్టారు చెప్పడం ఆపి అరుగు కింద ఎండ వంక చూశారు. "ఆ అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను," అన్నారు. "ఇంజను పని తెలిసినవాణ్ణి. ఆమె ఎందుకు చూస్తానంటోందో ఆ ఒడ్డున నాకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా అరిచాను. ముందు సెల్ఫ్ కొట్టమ్మా, తరవాత చూసుకుందువుగాని, అన్నాను. ఆమె తలెత్తి నన్నొక్కణ్ణే చూసింది." మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు.

నాజిల్స్ బిగించి ఉంటే ఇంజను లోపల గాలి నొక్కుకుంటుంది, చేత్తో తిప్పితే బరువుగా వస్తుంది. ఆ బరువులో ఇనుము ఇనుముకి తగిలిన సంగతి చేతికి తెలియదు. అందుకని నూకాలమ్మ ముత్యాలు బిగించిన నాజిల్స్ నాలుగూ మళ్ళీ విప్పింది. బారు పానా ఒకటి ముత్యాలు చేతికిచ్చి, ముందున్న పెద్ద నట్టుకి తగిలించి నెమ్మదిగా తిప్పమంది. తను గేర్ల దగ్గర కూర్చుంది. సుద్దతో చుక్కలు తెల్లగా దిద్దింది. చిన్న గేరు రెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు తిరుగుతుంది, చుక్కలు మళ్ళీ ఎదురెదురుగా వస్తాయి. నడుమ ఎక్కడ అడ్డం తగిలినా ఆగిపోవాలి. చేయి ఆగితే ఇంజనుకి ఏమీ కాదు. సెల్ఫ్ ఆగదు, విరగ్గొట్టి గాని వదలదు.

"మెల్లిగా అన్నా," అంది. "గట్టిగా తగిల్తే ఆపీ. బలవంతం సెయ్యకు."

మొదటి చుట్టు వచ్చింది. రెండో చుట్టు సగంలో ముత్యాలు చెయ్యి టక్కుమని ఆగింది. జెట్టీ మీద కేకలు కూడా ఆగిపోయాయి. నూకాలమ్మ లేచి, ఒక్కో వాల్వు మీదా వేలు పెట్టి చూసింది. వెలికిల పడుకుని కిందనించి చూసింది. చివరికి కనిపించింది. పానా కాస్త పక్కకి వాలి, పిడి చివర పోయి బోటు లోపలి కొయ్య దూలానికి తగిలింది. ఇంజన్లో ఏమీ లేదు.

ఎల్లాజీ ఊపిరి వదిలాడు. "అయ్యిందా? ఇంక బిగించు."

"లేదు మావా. సుట్టు నడుమలో ఆగిపోనాది, పానా తీసి మళ్ళీ తగిలించాల. మొదట్నించి తిప్పాల."

ఆ మాటతో ఊరు ఇంక ఆగలేదు. ఇద్దరు మొగాళ్ళు బోటులోకి దూకారు. వాళ్ళలో ఒకడు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె భుజం విదిలించుకోలేదు, తిట్టలేదు. పానా ఎత్తి అతని ముందు పట్టింది. "ఇదిగో, నువ్వు బిగించు," అంది. "నువ్వు బిగించి, నువ్వే సెల్ఫ్ కొట్టు. నట్టు ఇత్తాను. బండల కాడ ఇది ఆగిపోతే, ఆ నలుగురికీ ఈ బోటులో ఎల్లినోళ్ళకీ జవాబు నువ్వు సెప్పాల. సెప్తావా?"

అతను పానా అందుకోలేదు. భుజం మీంచి చెయ్యి తీసి వెనక్కి జరిగాడు. ముత్యాలు ఎవరి వంకా చూడకుండా మళ్ళీ నట్టుకి పానా తగిలించాడు. మొదటి చుట్టు. రెండో చుట్టు. ఎక్కడా అడ్డం లేదు. చిన్న గేరు మీది తెల్లచుక్క మెల్లగా పైకి వచ్చి, పెద్ద గేరు మీది రెండు చుక్కల నడుమ సరిగ్గా కూర్చుంది.

"ఏటి దొరికింది?" అన్నాడు ఎల్లాజీ.

"ఏటీ దొరకలేదు. సరిగ్గానే ఉంది."

"మరెందుకే ఇంతసేపు?"

"ఇందాక నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది," అంది ఆమె. నాజిల్స్ బిగించి, మూత వేసి, గొట్టాల్లో చేరిన గాలి తీసేసి, రొంటినున్న నట్టు తీసి బ్యాటరీ తీగ తగిలించింది. సెల్ఫ్ కొట్టగానే మొదటి దెబ్బకే ఇంజను అందుకుంది. ఆమె కూడా బోటులోనే వెళ్ళింది.

బోటు నల్లబండల దగ్గరికి చేరేసరికి పడవ పగిలిపోయింది. నలుగురూ ఖాళీ డబ్బాలు పట్టుకుని నీళ్ళలో తేలుతున్నారు. కెరటాలు బండల మీదికి ఇల్లంత ఎత్తున లేస్తున్నాయి. ముత్యాలు బోటుని బండలకి ఇరవై గజాల దాకా తీసుకెళ్ళి, ముందుకి పోనివ్వకుండా, వెనక్కి రానివ్వకుండా, గేరు మార్చుకుంటూ పదిహేను నిమిషాలు అక్కడే నిలబెట్టాడు. తాడు విసిరి ఒక్కొక్కర్నే లాగారు. నలుగురూ బతికారు. కాని పడవ బండకి కొట్టుకున్నప్పుడు దానయ్య కుడికాలు రెండింటి నడుమ నలిగిపోయింది. ఎప్పుడు జరిగిందిరా అని ముత్యాలు అడిగితే, ఇప్పుడే, మీ బోటు పొగ కనపడే ముందు, అన్నాడు వాడు.

పెద్దాసుపత్రిలో కాలు తియ్యకుండా నిలబెట్టారు గాని, మోకాలు ఇంక వంగలేదు. వాడు మళ్ళీ చేపల వేటకి వెళ్ళే ఆశ లేదని చెప్పేశారు.

పదిరోజులకి సంఘం కూర్చుంది. ఎల్లాజీ కోపంగా మాట్లాడలేదు. ఆయన తమ్ముడు బతికొచ్చాడు, ఆ సంగతి మరిచిపోలేదు. కాని ఊరి మనసులో ఉన్నది ఆయన నోటినించి వచ్చింది. "నలభై నిమిషాలు ముందెళ్ళుంటే ఆడి కాలు ఉండేది. పడవా ఉండేది. అవునా కాదా నూకాలూ?"

"నలభై కాదు మావా, నలభై మూడు," అంది నూకాలమ్మ. "నాను గడియారం సూసినాను. ముందెళ్ళుంటే ఆడి కాలుండేది. అది నిజం."

ఆమె అలా ఒప్పేసుకుంటుందని ఎవరూ అనుకోలేదు. ఏడుస్తుందనుకున్నారు, ఏదో సర్దిచెప్పుకుంటుందనుకున్నారు. ఎల్లాజీ మెత్తబడ్డాడు. జరిగిందేదో జరిగిపోయింది, ఇంజను పని నువ్వే చూసుకో, ఒక్క మాట మాత్రం ఈ పదిమందిలో చెప్పు, ఇకమీదట ఆపదలో పెద్దోళ్ళు కొట్టమంటే సెల్ఫ్ కొడతానని, అన్నాడు. ఆమె చేసిన పనికి అది చాలా చిన్న శిక్ష అని అందరికీ అనిపించింది. మేస్టారికీ అలాగే అనిపించిందట.

"ఆ మాట సెప్పలేను," అంది నూకాలమ్మ.

"కొడుకు కాలు పోయినాక కూడానా?"

"పోయినాక కూడా."

ఆమె లేచి బోటు తాళం ఎల్లాజీ ముందు పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ఇంజను పని పక్క రేవు మనిషికి ఇచ్చారు. ఆమె ఇంటి ముందు చిన్న మోటార్లు బాగుచేసుకుంటూ, అవి లేనప్పుడు చేపలు ఎండబెట్టుకుంటూ ఏడు నెలలు గడిపింది. దారిలో ఎదురైనవాళ్ళు పలకరించేవారు కాదు. ఆమె తల వంచుకుని నడిచేది కూడా కాదు. అది చూస్తే వాళ్ళకి ఇంకా మండేది.

దానయ్య మంచం మీంచి లేచి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టిన రోజున తల్లిని ఒకే మాట అడిగాడు. "అమ్మా, మళ్ళీ అలాటి పొద్దే వచ్చి, నాను అక్కడే ఉన్నాననుకో. ఏటి సేత్తావు?"

ఆమెకి అబద్ధం చెప్పడం పెద్ద పని కాదు. వాడు ఆ అబద్ధం కోసమే అడిగాడేమో కూడా. ఆమె చేతిలోని మోటారు కింద పెట్టి, వాడి కళ్ళలోకి చూసి, "తిప్పుతాను," అంది. వాడు నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయిదోనాడు అన్నం పెట్టమన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వేసవిలో ఆపిన వేట జ్యేష్ఠమాసంలో తిరిగి మొదలయ్యే ముందు సంఘం బోటుని ఒడ్డుకి లాగి ఇంజను విప్పారు. పక్క రేవు మనిషి రెండు రోజుల్లో పని ముగించి, సాయంత్రానికల్లా సెల్ఫ్ కొట్టి చూపించాడు. ఇంజను బాగానే పలికింది. ఎల్లాజీ తాళం తెచ్చి సరంగు చేతికివ్వబోయాడు. ముత్యాలు తాళం తీసుకోలేదు.

"నాను దీన్ని తీసుకెళ్ళను," అన్నాడు.

"ఏం? బాగానే ఆడతంది కదా."

ముత్యాలు మాటకారి కాడు. "ఆ రోజు బండల కాడ," అన్నాడు, "పదిహేను నిముసాలు దీన్ని కత్తి అంచు మీద నిలబెట్టినట్టు నిలబెట్టినాను. ముందుకి గేరు, ఎనక్కి గేరు. కెరటాన్ని సూసినాను, తాడుని సూసినాను, నీళ్ళలో ఉన్నోళ్ళని సూసినాను. ఇంజన్ని మాత్రం ఒక్కపాలి తలుసుకోలేదు. అది ఆగిపోతాదేమో అన్న ఊహే నాకు రాలేదు. ఎందుకు రాలేదో తరవాత ఇంటికెళ్ళి పడుకున్నాక తెలిసింది. సుట్లు తిప్పినది నానే కదా." అక్కడితో ఆగి, "ఈ ఇంజను నాను తిప్పలేదు. ఎవరూ తిప్పలేదు. అలాటి కాడికి దీన్ని తీసుకెళ్ళమంటే నా వల్ల కాదు," అన్నాడు.

ఎల్లాజీ పక్క రేవు మనిషిని అడిగాడు, చేత్తో తిప్పి చూశావా అని. నిక్షేపంగా ఉంటే తిప్పడమెందుకు అన్నాడతను. ఆ జవాబు ఎల్లాజీకి తన నోటి మాటలాగే వినిపించి ఉండాలి. ఆయన తాళం పట్టుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు బోటు కదల్లేదు. నాలుగోనాడు పొద్దున్నే నూకాలమ్మ గుమ్మం ముందు వచ్చి నిలబడ్డాడు. క్షమించమనలేదు, అలాంటి మాటలు ఆయనకి రావు. మాట ఇమ్మని కూడా అడగలేదు. "తాళం తెచ్చినాను," అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుని వెంట నడిచింది. మూత విప్పింది. నాజిల్స్ విప్పింది. ముత్యాలు పానా తగిలించాడు. ఒడ్డున ఎల్లాజీ నిలబడి, "ఎంతసేపు?" అని అడిగాడు.

"అయినదాకా," అంది నూకాలమ్మ.

ఆయన పంచె ఎగగట్టుకుని బోటు అంచు మీద కూర్చున్నాడు. ఆ రోజు కూడా చుక్కలు సరిగ్గానే కలిశాయి.

ఆ తరవాత మేస్టారు ఆ ఊరు వదిలి వచ్చేశారు. నిరుడు ఏదో పని మీద వెళ్తే దానయ్య కనిపించాడట. రేవులో చేపలు తూకం వేసే కొట్టు చూసుకుంటున్నాడు, పెళ్ళయింది, కాలు ఈడుస్తూనే నడుస్తున్నాడు. ఆ రోజు అమ్మ చేసింది మంచిదేనంటావా అని మేస్టారు అడిగితే, వాడు మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. అమ్మ ఇంటిలోనే ఉంది, పలకరించి వెళ్ళండి బావూ, అన్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళారా అని నేనడిగాను. వెళ్ళానన్నారు. అప్పుడు ఒడ్డు మీంచి అరిచింది నేనే అని చెప్పుకున్నారట. "నాకు గురుతే," అని ఊరుకుందట ఆమె. కూర్చోమని పీట మాత్రం వేసింది.

మేస్టారు చెప్పడం ముగించారు. తవిటినాయుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కథ విని అతని మనసు కుదుటపడినట్టు నాకు అనిపించలేదు. ఆ కుర్రాడి కాలు అతన్ని వదల్లేదనుకుంటాను. నన్నూ వదల్లేదు.

"ఆ రోజు ఆ చుక్కలు తప్పి ఉంటే మేస్టారూ," అన్నాడు అతను చివరికి, "ఒక్క పన్ను జరిగి కనపడినా చాలు, ఊరు ఊరంతా ఆవిడకి దండం పెట్టేది."

"పెట్టేది," అన్నారు పైడయ్య మేస్టారు. "ఆ దండం కోసం తిప్పేవాళ్ళు ఉంటారు నాయుడూ. చుక్కలు కలిసిన రోజునే వాళ్ళు తిప్పడం మానేస్తారు."